బిగుసుకున్నది భుజమా, స్టీరింగా?

"నలభై దాటాక చేతుల్లో పట్టు తగ్గుతుందిలే. కాల్షియం మాత్రలు వేసుకో" అన్నారు మావారు ఫోన్‌లో.

ఆయన ఉద్యోగం హైదరాబాదులో. శనివారం రాత్రి బయల్దేరి వస్తారు, ఆదివారం సాయంత్రం మళ్లీ వెళ్లిపోతారు. మిగతా రోజులన్నీ విజయవాడలో ఇల్లూ, అత్తయ్యగారూ, ఇంటర్ చదువుతున్న మా అబ్బాయీ, మా పాత మారుతీ 800 కారూ అన్నీ నా మీదే. ఆ రోజు నేను ఆయనతో చెప్పింది ఒక్క ముక్క. కారు స్టీరింగు తిప్పలేకపోతున్నానండీ అని. దానికొచ్చిన సలహా కాల్షియం మాత్రలు!

తమాషా ఏమిటంటే నేనూ నిజమేననుకున్నాను. పాలు విరిగితే గిన్నె సరిగ్గా తోమలేదేమో అనుకుంటాం గాని పాలవాణ్ణి అనుమానిస్తామా? అలాగే మాత్రలు తెచ్చుకుని వేసుకున్నాను.

ఈ కారు సంగతి కొంచెం చెప్పాలి. 2008లో మా మామగారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొన్నారు. నాకు డ్రైవింగు నేర్పింది కూడా ఆయనే. "కోడలికి కారు నేర్పడమేమిటండీ" అన్నవాళ్లతో, "అర్ధరాత్రి నాకు గుండెనొప్పొస్తే ఆస్పత్రికి నువ్వొచ్చి తీసుకెళ్తావా?" అనేవారు. అన్నట్టే 2019లో ఒక రాత్రి నేనే తీసుకెళ్లాను. ఇరవై రోజులు ఉండి పోయారు.

ఆయన నేర్పిన పాఠాల్లో ఒకటి నాకు బాగా గుర్తు. "స్టీరింగుని పీక పిసికినట్టు పట్టుకోకమ్మా. మలుపు తిరిగాక అరచేతులు కాస్త వదులు చెయ్. దానంతటదే ఇంటికొస్తుంది." నిజంగానే వచ్చేది. మలుపు అయిపోగానే చక్రం అరచేతుల మధ్య నుంచి జారుకుంటూ వచ్చి తిన్నగా నిలబడేది. ఈ కారుకి పవర్ స్టీరింగు లేదు. అయినా చిన్న బండి, సన్న టైర్లు కనక నడుస్తున్నంతసేపూ నాకెప్పుడూ బరువనిపించలేదు.

2023లో 15 ఏళ్లు నిండితే ఆర్.సి. ఐదేళ్లకి రెన్యూ చేయించాం. ఆ మరుసటి ఏడే వరద. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగిన రోజు. మా ఇల్లు ఆ చుట్టుపక్కలే. మేం పై వాటాలోకి ఎక్కేశాం, కారు మాత్రం కిందే ఉండిపోయింది. సీట్ల దాకా నీళ్లు. అవి తీశాక ఇంజనాయిలు మార్పించాం, వైర్లు చూపించాం, సీట్లు ఊడదీసి డాబా మీద ఎండబెట్టాం. స్టార్టయింది. అదే పదివేలనుకున్నాం.

సంక్రాంతి వెళ్లాక మొదలైంది బిగుసుకోవడం. మొదట్లో గేటు లోపలికి పెట్టేటప్పుడు మాత్రమే. కారు నిలబడి ఉండగా తిప్పితే ఏ బండికైనా కాస్త బరువే కదా అని ఊరుకున్నాను. తర్వాత నడుస్తుండగా కూడా బరువు. ఆ తర్వాత చక్రం ఇంటికి రావడం మానేసింది. మలుపు తిరిగాక నేనే మళ్లీ రెండు చేతులతో వెనక్కి లాక్కోవాలి.

అదే రోజుల్లో నాకు కుడి భుజం నొప్పి. డాక్టరుగారు చెయ్యి పైకెత్తించి చూసి, "భుజం బిగుసుకుంటోంది, ఈ వయసులో చాలామందికి వస్తుంది" అని గోడ మీద వేళ్లతో నిచ్చెన ఎక్కినట్టు ఎక్కించమన్నారు. ఇంకేముంది, మావారి మాట వేదవాక్కయిపోయింది. పొద్దున్నే కుక్కరు విజిలు వేసేలోపు వంటింటి గోడ మీద వేళ్లు పాకించేదాన్ని. ఆరు వారాలకి నొప్పి తగ్గింది. అటక మీది ఆవకాయ జాడీ ఒక్కదాన్నే దించుకున్నాను. జాడీ కింద పెట్టాక గాని తట్టలేదు. ఇంత బరువు దించిన చేతులు స్టీరింగు తిప్పలేకపోవడమేమిటి?

వచ్చే ఆదివారం మావారి చేత నడిపించాను. "పాతబండి అంతేనే. పవర్ స్టీరింగు లేదుగా" అన్నారు. ఆయన అక్కడ నడిపేది కొత్త కారు, ఒంటివేలితో తిరుగుతుంది. ఈ కారు నిరుడు ఎలా ఉండేదో ఆయనకేం గుర్తుంటుంది? రోజూ వంట చేసేవాళ్లకి తెలుస్తుంది పొయ్యి మంట తగ్గిందో లేదో.

మార్చిలో అత్తయ్యగారికి మోకాలు మార్పిడి ఆపరేషను అయింది. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. "ఈ మొదటి నెలల్లో వంచకపోతే తర్వాత మోకాలు వంగదు" అని గట్టిగా చెప్పారు. మా ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు. తిప్పలేని స్టీరింగుతోనే తిప్పలు పడుతూ తీసుకెళ్లేదాన్ని.

ఏప్రిల్ ఆఖర్లో ఒక సాయంత్రం తిరిగొస్తున్నాం. మా సందులోకి ఎడమ వైపు మలుపు. అలవాటుకొద్దీ అరచేతులు వదులు చేశాను. చక్రం రాలేదు. తిరిగింది తిరిగినట్టే ఉండిపోయింది. కారు సందులోకి కాకుండా గోడవైపుకి పోతోంది. ఆ గోడ పక్కన పదేళ్ల పిల్ల సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. బ్రేకు మీద రెండు కాళ్లూ వేసినట్టు తొక్కాను. సైకిలుకి జానెడు దూరంలో ఆగింది. ఆ పిల్లకి ఏమీ కాలేదు. అత్తయ్యగారు మోకాలు పట్టుకుని కళ్లు మూసుకున్నారు. ఇంటికొచ్చాక తాళాలు కొక్కేనికి తగిలించి, ఇక ముట్టుకోననుకున్నాను.

క్యాబులు పిలిస్తే సందు ఇరుకు, లోపలికి రామన్నారు. ఆటో ఎక్కాలంటే ఆవిడ మోకాలు అంత ఎత్తు వంగదు. వారంలో రెండు ఫిజియోథెరపీలు పోయాయి. మావారు ఎవరితోనో మాట్లాడి, "ముప్పై వేలకి అడుగుతున్నారు, ఇచ్చేద్దాం" అన్నారు. అత్తయ్యగారు మంచిదీ అనలేదు, వద్దూ అనలేదు. ఆ రాత్రి సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నారు. నాకు నిద్ర పట్టలేదు. ఇచ్చేయొచ్చు. కాని ఏం పాడైందో తెలియకుండా ఇచ్చేయడం నా మనసుకి ఎక్కలేదు. కొనుక్కున్నవాడు రేపు ఏ పిల్లని గుద్దుతాడో?

మర్నాడు మొదలుపెట్టాను. మెల్లగా మా వీధి చివరి పంక్చరు షాపు దాకా నడిపి ముందు గాలి చూపించాను. ఎడమ ముందు టైరులో 18 మాత్రమే ఉంది. గాలి తక్కువైతే టైరు నేలమీద ఎక్కువ మేర పరుచుకుని పట్టేస్తుంది. మెత్తబడ్డ చపాతీ పిండి పీటకి అంటుకోవడం చూస్తాం కదా, అలాగ. కారుతోపాటు వచ్చిన పుస్తకంలో రాసినంత పట్టించాను. కాస్త మేలు, అంతే. తర్వాత వీల్ అలైన్‌మెంటు. నాలుగొందలు పుచ్చుకుని కాగితం చేతికిచ్చారు. అన్నీ సరిగానే ఉన్నాయట. బరువు మాత్రం తగ్గలేదు. అక్కణ్ణుంచి ఒక పెద్ద వర్కుషాపు. అక్కడి కుర్రాడు స్టీరింగుని అటొకసారి ఇటొకసారి తిప్పి, "స్టీరింగు బాక్సు పోయింది మేడం, మొత్తం మార్చాలి" అన్నాడు. ఎనిమిదిన్నర వేలు. కింద పడుకుని చూడనైనా లేదు. ఎలా తెలిసింది బాబూ అంటే, "పాతబండికి అదే పోతుంది మేడం" అన్నాడు. మావారి మాటే, ఇంకో నోటి నుంచి.

ఇంటికొచ్చి కుట్టుమిషను ముందు కూర్చున్నాను. మా అమ్మ ఇచ్చిన పాత మిషను. అది బరువెక్కినప్పుడల్లా అమ్మ ఏం చేసేదో గుర్తొచ్చింది. ముందు బెల్టు తీసేసేది. పై చక్రం విడిగా చేత్తో తిప్పేది. కింది చక్రం విడిగా కాలితో తొక్కేది. పైది తేలిగ్గా తిరిగితే తప్పు కిందిది, కిందిది తేలిగ్గా ఆడితే తప్పు పైది. రెండూ బాగుంటే బెల్టుది. అంతేగాని మిషను మొత్తం మార్చమని ఎవరూ అనేవారు కాదు. మరి కారుకి కూడా అలా విడదీసి చూడొచ్చు కదా?

విడదీయడం నాకు రాదు. విడదీయకుండా తెలిసేది ఏమైనా ఉందేమో చూద్దామనుకున్నాను. సాయంత్రం కాలనీ వెనక ఖాళీ స్థలంలోకి తీసుకెళ్లాను. స్టీరింగు చక్రం మీద సరిగ్గా పైన ఒక బొట్టుబిళ్ల అంటించాను. నవ్వకండి, గుర్తుకోసం అంతకంటే చేతికందేది ఏముంటుంది? నడక వేగంతో పోనిస్తూ చక్రాన్ని మెల్లగా తిప్పాను. బొట్టుబిళ్ల గడియారంలో రెండు ఉండే చోటికి రాగానే బిగిసింది. దాటాక వదిలింది. ఎనిమిది దగ్గరికి రాగానే మళ్లీ బిగిసింది, మళ్లీ వదిలింది. అటు తిప్పినా అదే, ఇటు తిప్పినా అదే. చుట్టుకి రెండుసార్లు. పాల లెక్కలు రాసుకునే పుస్తకంలో రాసుకున్నాను. చేతుల్లో బలం లేకపోవడమే అయితే అన్ని చోట్లా లేకుండా ఉండాలి గాని రెండింటి దగ్గరా, ఎనిమిదింటి దగ్గరా మాత్రమే ఎందుకు లేకుండా పోతుంది?

మే మొదటి వారంలో పొద్దున్నే, రోడ్డు మీద ఎవరూ లేనప్పుడు, మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆటోనగర్ వెళ్లాను. విజయవాడ వాళ్లకి ఆటోనగర్ గురించి చెప్పక్కర్లేదు. లారీల దగ్గర్నుంచి స్కూటర్ల దాకా ఏది చెడినా అక్కడికే. చిన్న రేకుల షెడ్డు, అరవై దాటిన పెద్దాయన. పుస్తకం తెరిచి నేను రాసుకున్నది చదివి వినిపించాను. ఆయన నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

"బండి నీళ్లలో మునిగిందామ్మా?" అన్నాడు.

"మునిగింది బాబాయిగారూ, వరదల్లో."

"ఊఁ. కూర్చో తల్లీ. నీ కళ్లముందే చూద్దాం."

ముందు జాకీ పెట్టి ముందు చక్రాలు రెండూ లేపి, కింద ఇనుప స్టాండ్లు పెట్టాడు. జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎవ్వరూ కారు కిందికి దూరకూడదట, జారిందంటే ప్రాణమే పోతుంది. చక్రాలు గాల్లో ఉండగా నన్నే స్టీరింగు తిప్పమన్నాడు. అదే బిగుతు, అవే రెండు చోట్లు. "చూశావా, నేల తగలకపోయినా బిగుస్తోంది. అంటే టైర్లది కాదు" అన్నాడు. తర్వాత రెండు చక్రాల దగ్గరా స్టీరింగుని కలిపే రాడ్ ఎండ్లు విప్పాడు. ఒక్కొక్క చక్రాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పితే వెన్నలా తిరిగాయి. అంటే చక్రాల వైపు ఉన్న బాల్ జాయింట్లూ, పైన ఉండే బేరింగులూ మంచివే. స్టీరింగు తిప్పితే ఇంకా బిగుతే. ఇక మిగిలింది స్టీరింగు బాక్సు, దానికీ నా చేతిలోని చక్రానికీ మధ్యనున్న కడ్డీ.

మా అమ్మ బెల్టు తీసినట్టే ఉంది నాకు. లేచి దగ్గరికెళ్లి నిలబడ్డాను.

కడ్డీ ఏటవాలుగా కిందికి దిగి బాక్సుని కలిసేచోట ఒక జాయింటు ఉంటుంది. మెకానిక్కులు 'క్రాస్' అంటారు. గరిటె తిప్పేటప్పుడు మన మణికట్టు వంగుతూ తిరుగుతుంది చూడండి, దాని పని అదే. అది విప్పేముందు రెండు వైపులా తెల్లరంగుతో ఒక గీత పెట్టాడు. మళ్లీ అదే గీతకి బిగించకపోతే కారు తిన్నగా పోతున్నా స్టీరింగు వంకరగా ఉంటుందట. విప్పి బాక్సు వైపు తిప్పి చూస్తే బాక్సు తేలిగ్గా తిరిగింది. ఎనిమిదిన్నర వేలు పెట్టి మార్చాల్సిన బాక్సు! ఊడదీసిన జాయింటు నా చేతికిచ్చి వంచమన్నాడు. ఒక వైపు వంగుతోంది. రెండోవైపు ఎంత బలం పెట్టినా కదల్లేదు. ఎర్రగా తుప్పు. వరద నీళ్లు దూరి, లోపలి గ్రీజుని తినేసి, ఐదు నెలల్లో మెల్లగా పట్టేసింది. చుట్టుకి రెండుసార్లు ఆ రెండోవైపు వంగాల్సి వచ్చినప్పుడల్లా బిగుస్తోందన్నమాట. తిప్పడానికే అంత కష్టమైతే చక్రం దానంతటది వెనక్కెలా వస్తుంది?

ఆ ఇనుపముక్క నా అరచేతిలో పట్టేంత ఉంది. దాని మూలంగా నేను రెండు సీసాల మాత్రలు మింగాను.

"కాస్త ఆయిలు పోస్తే వదలదా బాబాయిగారూ?" అని అడిగాను, ఖర్చు తగ్గుతుందేమోనని.

"వదుల్తుంది. నెలరోజులు బాగుంటుంది. మళ్లీ పట్టేస్తుంది, లేదా అరిగి ఆట వస్తుంది. బ్రేకు దగ్గరా స్టీరింగు దగ్గరా బేరాలాడకమ్మా" అన్నాడు. మాట్లాడకుండా కొత్తది వేయమన్నాను.

బాక్సుకి రెండు చివర్లా రబ్బరు బూట్లు ఉంటాయి, మట్టీ నీళ్లూ లోపలికి పోకుండా. ఎడమవైపు బూటు చిరిగి ఉంది. లోపల గ్రీజు పాలు కలిపిన టీ రంగులోకి మారింది. ఇంకో వర్షాకాలం గడిస్తే బాక్సు కూడా నిజంగానే పోయేదట. తుడిచి, కొత్త గ్రీజు పెట్టి, కొత్త బూటు తొడిగాడు. రాడ్ ఎండ్లకి కొత్త పిన్నులు వేశాడు. అన్నీ కలిపి రెండు వేల నూట యాభై. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తబోయాం. రాడ్లు విప్పారు కనక అలైన్‌మెంటు మాత్రం మళ్లీ చేయించుకోమన్నాడు. ఇంకో నాలుగొందలు. ముందు తొందరపడి చేయించుకున్నది దండగ. ఆ తప్పు నాదే.

మీ ఇంట్లో కారుకి పవర్ స్టీరింగు ఉంటే లెక్క కొంచెం వేరని ఆ పెద్దాయనే చెప్పాడు. ఆయిలుతో నడిచే రకమైతే ముందు ఆ ఆయిలు డబ్బాలో గీత దాకా ఉందో లేదో, ఇంజను దగ్గర దాని బెల్టు వదులైందో చూడాలి. తిప్పినప్పుడు మూలుగులాంటి చప్పుడొస్తే అక్కడే ఉంటుంది తప్పు. ఆయిలు మాటిమాటికీ తగ్గుతుంటే ఎక్కడో కారుతోందని అర్థం, పోసుకుంటూ కూర్చోకూడదు. కరెంటుతో నడిచే రకమైతే ఆయిలు ఉండదు. అది చెడితే సాధారణంగా మీటర్ల దగ్గర స్టీరింగు బొమ్మ వెలుగుతుంది. బ్యాటరీ బలహీనపడినా ఇబ్బంది పెడుతుంది. నడుస్తుండగా ఏ రకం స్టీరింగైనా హఠాత్తుగా బిగిస్తే మాత్రం మెల్లగా పక్కకి ఆపి, మెకానిక్కునే అక్కడికి పిలిపించుకోవాలి. నాలాగా మూడు నెలలు నడపకూడదు. ఆటోనగరుకి కూడా నేను నడుపుకుంటూ వెళ్లి ఉండాల్సింది కాదు. ఆ మాట అని ఆయన నన్ను కోప్పడ్డాడు.

మర్నాడు అత్తయ్యగారిని ఎక్కించుకుని ఫిజియోథెరపీకి బయల్దేరాను. సందు చివర మలుపు. ఆ గోడ దగ్గరికి రాగానే నా గుండె దడదడలాడింది. తిప్పాను. భయపడుతూనే అరచేతులు వదులు చేశాను. చక్రం జారుకుంటూ వచ్చి తిన్నగా నిలబడింది.

అత్తయ్యగారు చక్రం వైపే చూస్తున్నారు. "మీ మామగారు చెప్పేవారు కదే, ఇంటికొస్తుందని" అన్నారు. ఇన్నేళ్లూ ఆ పాఠాలు ఆవిడ కూడా వింటూ కూర్చున్నారని నాకు తెలియదు.

ఆదివారం మావారు వచ్చి కారు తీసి కాలనీ ఓ చుట్టు చుట్టారు. "తేలిగ్గానే ఉందే! దీనికా ఇంత గొడవ చేశావు?" అన్నారు. తుప్పుపట్టిన జాయింటు ఆయన చేతిలో పెట్టి వంచమన్నాను. ఒకసారి పళ్లు బిగించి చూశారు, రెండోసారి మోకాలికి ఆనించి చూశారు.

కాల్షియం మాత్రల సీసాలో ఇంకా పది ఉన్నాయి. బల్ల మీద ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టాను.